అలుపు లెక్కగట్టిన బావ

బావ పోయాడని ఫోను వచ్చేసరికి నేను బేస్‌బాల్ మ్యాచి చూస్తున్నాను. విశాఖపట్నంలో బేస్‌బాల్ ఏమిటని మీకు నవ్వు రావచ్చు. మా అక్క మొగుడు నాకు అంటించిన పిచ్చి అది.

ఇద్దరం గాజువాక దగ్గర ఒకే రోలింగ్ మిల్లులో పనిచేసేవాళ్ళం. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చే వేళకు ఫోనులో అమెరికా మ్యాచీలు నడుస్తుండేవి. టిఫిన్ తింటూ బావ అలా చూడటం మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి ఒక పొడుగాటి నోటుపుస్తకం నిండిపోయింది. ఆ ఆటలో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. ఏ పిచ్చర్ కిందటిసారి ఎన్ని బంతులు విసిరాడు, తర్వాత ఎన్నాళ్ళు విశ్రాంతి తీసుకున్నాడు, ఎడమచేతి వాళ్ళ ముందు ఎలా తడబడతాడు, అన్నీ రాసేవాడు. నేను పేరున్నవాడి మీద పందెం కడతానంటే కసిరేవాడు.

"పేరు సూడకు బామ్మర్దీ, అలుపు సూడు. మొన్న నూరు బంతులేసినోడు ఇయ్యాల ఏటేస్తాడు?"

పందేలు క్యాంటీన్లోనే. ఓడినవాడు గెలిచినవాడి క్యారేజీ తోమాలి, అంతే. బావ ఎక్కువసార్లు గెలిచేవాడు. ఓడిన రోజున మాత్రం బుద్ధిగా కుళాయి దగ్గర కూర్చుని, చేపల పులుసు జిడ్డు పోయేదాకా తోమేవాడు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "లెక్క నాది తప్పింది, గిన్నెదేటి తప్పు?" అనేవాడు. అందరం పడీపడీ నవ్వేవాళ్ళం.

నాకు క్యారేజీలు చాలలేదు. ఆయన పుస్తకం చూసి ఫోనులో దొంగచాటుగా డబ్బు కాయడం మొదలుపెట్టాను. ఒకరోజు దొరికిపోయాను. అరుస్తాడనుకున్నాను. పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అన్నాడు.

"పదింట్లో ఆరు సరిగ్గా సెప్తేనే గొప్పరా. మిగతా నాలుగింటికీ నీ పెళ్ళానికేటని సెప్తావు?"

మానేస్తానని ఆయన చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. నమ్మాడు. నన్నెప్పుడూ నమ్మేవాడు, ఏం చేయను!

మా మిల్లులో ఒకరి డ్యూటీ ఇంకొకరు చెయ్యడాన్ని మ్యూచువల్ అంటాం. ఆ గురువారం నాది పొద్దుటి డ్యూటీ. బావ అప్పటికే రాత్రంతా ఫర్నేస్ దగ్గర నిలబడి ఉన్నాడు. ఐదున్నరకు ఫోన్ చేసి, ఒళ్ళు కాలిపోతోంది, రాలేను బావా అన్నాను. జ్వరం లేదు, పాడూ లేదు. ఆ పొద్దుటి మ్యాచి మీద పెద్ద పందెం కాశాను. చివరిదాకా చూడాలని నా ఆశ. బావ ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

"పడుకోరా. నాను సూసుకుంటాను. మీ అక్కతో సెప్పి మిరియాల సారు పంపిత్తాను."

ఎక్కడో అమెరికావాళ్ళ అలుపు లెక్కగట్టిన మనిషి. ఆయన అలుపు నేను చూడలేదు. తొమ్మిది గంటలకు, ఇనుప ఊచలు చల్లారే చోట కుప్పకూలిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అంతా అయిపోయింది. మిల్లు నుంచి ఫోను వచ్చినప్పుడు అక్క పంపిన చారు నా పక్కనే ఉంది, సగం తాగేశాను కూడా. ఆ మ్యాచిలో నా పిచ్చరే గెలిచాడని తర్వాత తెలిసింది. ఛీ, ఏం గెలుపది!

నిన్న పదోరోజు. ఎలమంచిలి నుంచి వచ్చిన చుట్టాలందరికీ అక్క అదే మాట చెప్పుకుని ఏడ్చింది. "తమ్ముడికి జొరమని ఆడి డ్యూటీకి ఈయనుండిపోనాడు. ఆడంటే ఈయనకి పేనం." వినలేకపోయాను. ఏమైతే అయింది, నిజం చెప్పేద్దామని లేచి దగ్గరికి వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే అక్క గాజుల్లేని చెయ్యి చాపి నా నుదుటి మీద వేసింది.

"జొరం తగ్గిందేటిరా?"

"తగ్గిందక్కా" అన్నాను.