రంగుకీ రంగుకీ మధ్య

రాయపూర్‌లో మా ఇంటి ముందుగదే నా షాపు. బైకు ట్యాంకుల మీద మంటలు, లారీల వెనక తలుపుల మీద నెమళ్లు, పులులు, అన్నీ ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలితో రంగు చిమ్మే చేతి గన్నుతో వేసేవాణ్ణి. వేసేది నేను. రంగు మారిన ప్రతిసారీ ఆ బ్రష్‌ని కడిగేది శ్రీకాకుళం నుంచి నా వెంట వచ్చిన మా ఆవిడ.

కడగడమంటే నీళ్లు పోసి దులపడం కాదు. కప్పులో మిగిలిన రంగు వంపేసి, థిన్నర్ పోసి, నాజిల్ కొసని గుడ్డతో మూసి ట్రిగ్గర్ నొక్కితే గాలి వెనక్కి తన్ని, కప్పులో బుడబుడమని పాత రంగు పైకొస్తుంది. అది పారబోసి మళ్లీ థిన్నర్. తర్వాత బ్రష్ లోపలుండే సూది బయటికి లాగి మొన వంగకుండా తుడవాలి. చివరికి పాత పేపరు మీద కొట్టి చూస్తే చుక్క రంగు కనబడకూడదు. ఎరుపు తర్వాత తెలుపు వేయాల్సి వస్తే ఈ తతంగమంతా మూడుసార్లు.

నాకా, ముక్కు మీద కోపం. "ఏటే, ఇంకా అవ్వలేదా? నీకు పనప్పగిస్తే తెల్లారినట్టే!" అని అరిచేవాణ్ణి.

"ఉండండి, ఎరుపింకా వస్తన్నాది. తెలుపు కాస్తా గులాబీ అయితే మళ్లీ నన్నే తిడతారు" అనేది. నిజమే, తిట్టేవాణ్ణి.

కిటికీలు ఎప్పుడూ మూసే ఉండేవి. తెరిస్తే సిల్తారా ఇనుము ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే నల్లదుమ్ము తడి రంగు మీద వాలుతుంది. నాకు మాస్కు ఉండేది. ఆవిడకి లేదు. "రెండు నిమిషాల పనికి నాకెందుకండీ, ఛోడోనా" అంది ఒకసారి. నేనూ వదిలేశాను. ఆ రెండు నిమిషాలు రోజుకి ఎన్నిసార్లో, అలా ఎన్నేళ్లో ఆలోచించలేదు, వెధవని.

దగ్గు మొదలైంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఛాతీ పరీక్షించి, ఆవిణ్ణి కాకుండా నన్ను అడిగాడు, "క్యా కామ్ కర్తీ హై?" ఏం పని చేస్తుందని.

"కుఛ్ నహీ సాబ్, ఘర్ పే రహ్తీ హై" అన్నాను. ఏమీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది.

ఆవిడ స్టూలు మీద తల దించుకుని కూర్చుంది. డాక్టరు ఉబ్బసమని మందులు రాశాడు. ఆ మందులు మింగుతూనే మరో రెండేళ్లు నా ఎయిర్‌బ్రష్ కడిగింది.

తర్వాత పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఆవిడ చేతులు తిప్పి చూసింది. గోళ్ల చుట్టూ పగిలిన చర్మం, ఆ పగుళ్లలో ఎరుపు. ఇదేం రంగని అడిగింది. అప్పుడు చెప్పాను అంతా. ముందే చెప్పి ఉంటే ఆ పని మాన్పించేవాళ్లు కదా అంది. ఊపిరితిత్తులు అప్పటికే పాడైపోయాయి. ఇంక ఇంటికి రాలేదు ఆవిడ.

పోవడానికి రెండు రోజుల ముందు, ఆక్సిజన్ గొట్టం సర్దుతూ అడిగాను. "ఆరోజు ఆ డాక్టరు అడిగినప్పుడు నువ్వయినా నోరు విప్పొచ్చు కదే?" చూడండి నా బుద్ధి, అప్పుడూ తప్పు ఆవిడ మీదికే నెట్టాను.

ఊపిరి కూడదీసుకుని అంది.

"ఏటీ చెయ్యదని మీరు సెప్పీసినారు కదా. పరాయోల ముందు మీ మాట తీసీడం బాగోదని ఊరుకున్నాను."