ఏటవాలులో ఆగిన బండి

మా కంప్యూటర్ బండి నడిపే బాబాయికి పిల్లలు పెట్టిన పేరు పావుగంట తాతయ్య. ఎక్కడికైనా పావుగంట ముందే చేరడం, ఎవరేమడిగినా "పావుగంటలో చూద్దాం" అనడం ఆయనకున్న రెండు జబ్బులు. నిజానికి ఆయన నాకు ఏ వరసా కాడు. పొద్దస్తమానం ఒకే బండిలో తిరిగే మనిషిని "డ్రైవర్ గారూ" అని ఎన్నాళ్లని పిలుస్తాం? మూడో రోజుకే నోటికి బాబాయి అని వచ్చేసింది.

ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సు తోలి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చోలేక ఈ ఉద్యోగంలో చేరాడు. మా బండి కూడా ఒకప్పటి సిటీ బస్సే. సీట్లు పీకేసి వరసగా పన్నెండు బల్లలూ, వాటి మీద పన్నెండు కంప్యూటర్లూ బిగించారు. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలుండే వీధులకు వెళ్లి రెండేసి గంటలు ఆగుతాం, నేను పాఠాలు చెబుతాను. క్లాసు జరిగినంతసేపూ బాబాయి తన సీట్లోనే ఉంటాడు. ఇంజను ఆపేసినా సరే, ఒక చెయ్యి స్టీరింగు మీదా, ఒక చెయ్యి గేరు మీదా ఉండాల్సిందే.

"అన్నం తింటున్నా అంతేనమ్మా, ఖాళీగా ఉన్న చెయ్యి గేరు కోసం వెతుక్కుంటుంది" అని వాళ్లావిడ, మా పిన్ని, నవ్వుతుంది.

కంప్యూటర్ జోలికి మాత్రం రాడు. "నా పని బండి వరకే. లోపలంతా నీ రాజ్యం" అంటాడు. కానీ తల మీదున్న అద్దంలోంచి ఆ రాజ్యంలో ఆయన కంట పడనిది లేదు. ఎవరు కునుకు తీస్తున్నారో, ఎవరు పక్కవాళ్లది చూసి కొడుతున్నారో నాకన్నా ముందు ఆయనకే తెలుస్తుంది.

మా స్టాపుల్లో చివరిది గట్టు వీధి. రోడ్డు నిటారుగా ఎత్తుకు ఎక్కుతుంది. ఆ ఎత్తులో సగం దూరాన, ముక్కు పైకి పెట్టుకుని మా బండి ఆగేది. అక్కడి పిల్లలు పదకొండు మంది. వాళ్లలో ఇస్త్రీ కొట్టు ఆవిడ కూతురు ఒకతి ఉంది. పద్నాలుగేళ్లు. నేను ప్రశ్నలపుట్ట అనేదాన్ని. ఆ పిల్ల అడిగేవాటికి జవాబులు వెతుక్కోలేక ఇంటికి వెళ్లి పుస్తకాలు తిరగేసిన రోజులున్నాయి.

ఆరు నెలలకోసారి అన్ని స్టాపుల పిల్లలకూ మా ఆఫీసు హాల్లో పరీక్ష పెడతారు. ఒక పేజీ టైపు చేయాలి, ఒక పట్టిక వేయాలి, ఒక దరఖాస్తు నింపాలి. మొన్నటి పరీక్షలో గట్టు వీధి అందరికన్నా అడుగున నిలిచింది. సగం మంది పేజీ కూడా పూర్తి చేయలేదు. ప్రశ్నలపుట్ట కూడా.

ఆఫీసు పెద్దావిడ మంచిదే, కానీ లెక్క లెక్కే. "ఆరు వారాల్లో ఇంకో పరీక్ష పెడదాం. అప్పుడూ ఇంతే అయితే ఆ స్టాపు తీసేయాలి. బండి కోసం ఇంకో వీధి వాళ్లు ఎదురుచూస్తున్నారు" అంది. గట్టు వీధి పిల్లలకు ఈ బండి తప్ప ఇంకో కంప్యూటర్ లేదు. బండి రాకపోతే వాళ్ల చదువు అక్కడితో సరి.

నాకు ముక్కు మీద కోపం. ఆ రోజు రిపోర్టులో "వెనకబాటుకు కారణం" అన్న గడిలో "పిల్లలు మందకొడి" అని రాసి పడేశాను. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నా కోసమే పుట్టిందని అప్పటికి తెలియదు.

తిరుగు దారిలో బాబాయి అడిగాడు. "అమ్మాయ్, మన గట్టు వీధి పిల్లలు ఒంటిచేత్తో కొడతారేంటి?"

"ఒంటిచేత్తో ఏంటి బాబాయ్?"

"హాలు అద్దాల్లోంచి చూశాగా. మిగతా వీధుల పిల్లలు రెండు చేతులతో టకటకా కొట్టేస్తున్నారు. మనవాళ్లు మాత్రం ఎడం చేత్తో ఒక్కో అక్షరం ఏరుకుంటున్నారు. కుడి చెయ్యి ఆ ఎలక మీంచి తియ్యరే! నువ్వే అలా నేర్పావేమో అనుకున్నా."

నేను అలా నేర్పలేదు. మంగళవారం గట్టు వీధిలో బండి ఆగగానే ప్రశ్నలపుట్ట పక్కన నిలబడ్డాను. ఎడమ చేత్తో టైపు చేస్తోంది. కుడి అరచెయ్యి మౌస్ మీద గట్టిగా అదిమి ఉంది.

"ఆ చెయ్యి తియ్యి" అన్నాను.

తీసింది. ముక్కు పైకెత్తిన బండిలో బల్ల కూడా వెనక్కి వాలి ఉంది. మౌస్ జారి ఒళ్లో పడబోయింది. పిల్ల చటుక్కున పట్టుకుంది.

"మొదటి నెల్లో ఒకటి పడి పగిలితే మీరు తిట్టారు కదా మేడం. ఇంకోటి పగిలితే బండే రాదన్నారు. అప్పట్నుంచి అందరం పట్టుకునే ఉంటున్నాం" అంది. ఫిర్యాదుగా కాదు, మామూలుగా చెప్పింది.

నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ మాట అన్నది నేనే, ఆరు నెలలుగా వాళ్ల పక్కనే నిలబడి చూడనిదీ నేనే. దించిన తల ఎత్తి చూస్తే, అద్దంలో బాబాయి మొహం నాకన్నా చిన్నబోయి ఉంది.

క్లాసయ్యాక చెప్పాడు. "నీ తప్పు సగమేనే అమ్మాయ్. మిగతా సగం నాది. పక్క సందు చివర నీళ్ల ట్యాంకు వెనకాల చదునైన జాగా ఉంది. కాకపోతే బండి వెనక్కి తోలుకుంటూ పోవాలి. నా సర్వీసు మొత్తంలో గోడకి రాసుకున్నది ఒకే ఒక్కసారి, ఇలాంటి సందులోనే. మళ్లీ సందులోకి రివర్సు తోలనని అప్పుడే ఒట్టేసుకున్నా. నా పంతం కోసం పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టా."

"ఇప్పుడేం చేద్దాం బాబాయ్?"

"పావుగంట ఆగు."

ఆ పావుగంట మూడు రోజులు పట్టింది. శుక్రవారం క్లాసుకు ముందు తాడు తెచ్చి సందంతా కొలిచాడు. బండికి అటు జానెడు, ఇటు జానెడు మిగులుతుందని తేల్చాడు. ఇళ్లవాళ్లు ఆరేసిన బట్టలు తీశారు, సైకిళ్లు లోపల పెట్టుకున్నారు. పిల్లలు బండి వెనకాల గుంపుగా నిలబడ్డారు.

"రానీ... రానీ... తాతయ్యా, కుడికి! రానీ... ఆపు, ఆపు!"

ప్రశ్నలపుట్ట గొంతు చించుకుంటోంది. ఆయన చొక్కా తడిసి ముద్దయింది. సందు మలుపులో కర్రుమని చప్పుడొచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి బండి పక్కన మూరెడు గీత పడి ఉంది, బండి మాత్రం ట్యాంకు వెనకాల నిలబడి ఉంది. బాబాయి దిగి ఆ గీతను చేత్తో తడిమి చూశాడు. తర్వాత గ్లాసు నిండా నీళ్లు పోసి మొదటి బల్ల మీద పెట్టాడు. చుక్క కూడా ఒలకలేదు.

అంతటితో గండం గడిచిందనుకున్నాను. ఎక్కడ! అలవాటు పడిన చెయ్యి మాట వింటుందా? బల్ల చదునైనా పిల్లల కుడి చేతులు మౌస్ మీదికే పాకేవి. "తియ్యండి" అంటే తీసేవారు, నేను అటు తిరగ్గానే మళ్లీ అక్కడికే. వారాలు గడిచిపోతుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"తిట్టకు. ఆ చెయ్యికి ఇంకా నమ్మకం కుదరలేదు. నన్ను చూడు, ఎక్కడికి పోతుందని ఈ బండిని పట్టుకుని కూర్చుంటున్నాను?" అన్నాడు బాబాయి.

రెండో పరీక్ష రోజు నన్ను హాల్లోకి రానివ్వలేదు. అద్దాల బయట ఆయన పక్కన నిలబడ్డాను. గంట కొట్టారు. మావాళ్లలో ఏడెనిమిది మంది రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టారు. ప్రశ్నలపుట్ట కంగారులో ఉంది. కుడి చెయ్యి మౌస్ మీద బిగుసుకుపోయింది, ఎడమ చెయ్యి అక్షరాలు వెతుక్కుంటోంది. అయిదు నిమిషాలు గడిచాయి.

ఆ పిల్ల తలెత్తి అద్దాల వైపు చూసింది. బాబాయి గాల్లో స్టీరింగు పట్టుకున్నట్టు చేతులు చాపాడు, పక్కన గేరు ఉన్నట్టు ఒకటి కిందికి దించాడు. ఆ తర్వాత రెండు చేతులూ వదిలేసి, ఏమీ కాలేదు చూడమన్నట్టు తల ఎగరేశాడు. ఆయన అలా చేతులు వదిలేయడం నేను చూడటం అదే మొదలు. ఆ పిల్ల నవ్వింది. కుడి చెయ్యి మెల్లగా తీసింది. మౌస్ వైపు ఒక క్షణం చూసింది. అది కదల్లేదు. ఇక రెండు చేతులూ కీబోర్డు మీదికి వెళ్లాయి.

ఫలితాల్లో గట్టు వీధి కింది నుంచి మొదటిది కాదు, పై నుంచి మూడోది. స్టాపు ఉంటుందని పెద్దావిడ చెప్పింది.

నేను పాత రిపోర్టు అడిగి తీసుకున్నాను. "పిల్లలు మందకొడి" అన్నది కొట్టేసి, కింద "బండి ఏటవాలులో ఆపడం" అని రాశాను. "బాధ్యులు" అన్న గడిలో "ఉపాధ్యాయిని" అని రాస్తుంటే బాబాయి కాగితం లాక్కున్నాడు.

"సీనియర్ని నేనుండగా నీ పేరు ముందెలా రాస్తావ్?" అని పైన "డ్రైవరు" అని రాసి, సంతకం పెట్టాడు.