రెండు చేతుల మీద ఒకే గాటు

దయ్యాలున్నాయని నేను చాలామందిని నమ్మించాను. నేను మాత్రం ఎన్నడూ నమ్మలేదు. ఆర్మూర్‌లో నా నోటికున్న పేరు అట్లాంటిది. వాన పడుతోందని నేనంటే, జనం చెయ్యి బయట పెట్టి చూసుకుంటారు. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు వెనకాడాను. ఇందులో నేను కలిపింది ఒక్క చిటికె కూడా లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేనూ, మా అక్క మొగుడు గంగారాం బావా కలిసి పసుపు కొని, పాలిష్ పట్టించి అమ్మేవాళ్లం. కలిసి అంటే ఒకే గోదాములో కూర్చునేవాళ్లం, అంతే. పడేది కాదు. నేను తూర్పంటే ఆయన పడమర.

గోదాముకు కాపలా మోతి. అక్క పెంచిన కుక్క. అక్క చేతి ముద్ద తప్ప ఇంకెవరిదీ ముట్టేది కాదు. హమాలీ కొక్కెం తగిలి దాని ఎడమ చెవి చీలింది. గొలుసు కొరికి కొరికి పైకోర ఒకటి సగానికి విరిగింది. ఈ రెండు గుర్తులూ మనసులో పెట్టుకోండి.

ఒక ఎండాకాలం దాని మెడ మీద పుండై పురుగులు పట్టాయి. వాసనకు హమాలీలు లోపలికి రామన్నారు. పశువుల దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు పురుగులు తీసి, సూది వేసి, రోజూ తీసుకురమ్మన్నాడు. పుండు మీద ఇంకేదీ పూయొద్దన్నాడు.

ఆ సాయంత్రమే బావ సీతాఫలం ఆకూ పసుపూ కలిపి నూరి పుండు నిండా మెత్తాడు. మా దగ్గర ఆవుకైనా మేకకైనా పుండు పడితే ముందు చేసే వైద్యం అదే. ఆకు ఘాటుకు పురుగు బయటికి వస్తుందంటారు. వస్తుంది కూడా. కానీ ఆ మాట ఒప్పుకుంటే బావ గెలిచినట్టే.

"పసుపు అమ్ముకొని బతుకుతున్నవ్. గదే పసుపు కుక్కకు పనికిరాదంటవా?" అన్నాడు బావ.

"నీకు జరమొస్తే గోలీలెందుకు మింగుతవ్ బావా? నువ్వు సుత జరంత పూసుకొని పండు" అన్నాను.

నేను పొద్దున దవాఖానలో కడిగించేవాణ్ణి. సాయంత్రం ఆయన మళ్లీ పూసేవాడు. డాక్టరు నన్ను తిట్టేవాడు. ఆ తిట్లకు నావి నాలుగు కలిపి బావకు అప్పజెప్పేవాణ్ణి. ఈ నడుమ మోతి లేవడం మానేసింది. అక్క ముద్ద పెట్టినా మూతి తిప్పుకుంది.

అక్క మమ్మల్నిద్దర్నీ నిలబెట్టి చెప్పింది. "మీ పంతాల నడుమ అది సచ్చిందనుకో, ఒక్కల మొఖం సుత సూడ. నువ్వు తమ్మునివని సూడ, గాయన మొగడని సూడ."

అక్క అన్నంత పనీ చేసే మనిషి.

మర్నాడు తెల్లవారగానే గోదాము తెరిచి, మోతిని ఎత్తుకొని ఆటోలో వేసుకుపోయాను. డాక్టరు పుండు చుట్టూ వెంట్రుకలు గొరిగి కడుగుతుంటే, చచ్చేటట్టున్న కుక్క తల తిప్పి ఆయన మణికట్టు కరిచింది. ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చేతికి కట్టు కట్టించుకొని, దానికి సూది మాత్రం వేశాడు.

తిరిగొస్తుంటే అక్క ఇంటి మలుపు దగ్గర గొర్ల మంద అడ్డమొచ్చి ఆటో ఆగింది. పొద్దున నిలబడలేని కుక్క దుంకి అక్క ఇంట్లోకి ఉరికింది. వెనకే నేనూ పోయాను.

నేను పోయేసరికే మోతి పెరట్లో గుంజకు కట్టేసి ఉంది. మెడ మీద ఆకుపసరు మందు ఎండి, నెర్రెలు బాసి ఉంది. పక్కన బావ, చేతికి పసుపుగుడ్డ చుట్టుకొని కూర్చున్నాడు.

"దవాఖానకెళ్లి వస్తున్న, మోతికి సూది ఏయించిన" అన్నాను.

బావ నవ్వాడు. "పొద్దుగాల నేనే గోదాములకెళ్లి ఎత్తుకొచ్చిన. అప్పటిసంది గీడనే ఉన్నది. మందు పూస్తుంటే నా చెయ్యి కరిసింది. మీ అక్కనడుగు."

అక్క అబద్ధమాడదు. "నేనే దాని తలకాయ పట్టుకున్న. కతలు జెప్పకు తమ్మీ, ఇయ్యాల గాదు" అంది.

నేను కూర్చొని ఆ ఎండిన మందు గోటితో గీకాను. కింద వెంట్రుకలు నున్నగా గొరిగి ఉన్నాయి.

బావ నవ్వు ఆగిపోయింది. "మేం కత్తెర సుత ముట్టలే" అన్నాడు మెల్లగా.

ఆయన్ను దవాఖానకు లాక్కుపోయాను. డాక్టరు కట్టు విప్పాడు, బావ గుడ్డ విప్పాడు. ఇద్దరి మణికట్లూ పక్కపక్కన పెట్టి చూశాం. ఒకే చోట కరిచింది. విరిగిన కోర ఉండాల్సిన దగ్గర రెండింటి మీదా గాటు లేదు, ఒట్టి గీరుడు. డాక్టరు చాలాసేపు చూసి, కుక్కకాటు సూదులు వేయించుకొమ్మని మాత్రం అన్నాడు. ఇంగ్లీషు మందును అన్ని తిట్లు తిట్టిన బావ పెద్ద దవాఖాన వరుసలో అందరికన్నా ముందు నిలబడ్డాడు. ఆ ముచ్చట నేను ఆయన్ను మరవనివ్వలేదు.

రెండు కుక్కలై ఉంటాయంటారు మీరు. నేనూ అనుకున్నాను. ఆర్మూరంతా తిరిగాను. చీలిన చెవీ విరిగిన కోరా ఉన్న కుక్క ఇంకొకటి కనబడలేదు. ఉన్నా సరే, బావ కట్టేసినదాని మెడ ఎవరు గొరిగినట్టు?

మోతి బతికింది. నా సూదితో అని నేను, తన పసరుతో అని బావ. తన ముద్దతో అని అక్క.

కొన్నేళ్లకు ముసలిదైంది. ఒక పొద్దున గోదాము గడప దగ్గర చచ్చి పడి ఉంది. అదే చెవి, అదే కోర. గోనెసంచిలో చుట్టి, వెనక ఖాళీ జాగాలో గొయ్యి తీసి పూడ్చాను. అక్కకు చెప్పడానికి పోయేసరికి పెరట్లో బావ గడ్డపార కడుగుతున్నాడు. జామచెట్టు కింద మట్టి పచ్చిగా ఉంది.

"మోతి పోయింది. మీ అక్క ఒళ్లనే పానమిడిసింది" అన్నాడు, కొట్లాట లేని గొంతుతో.

నా చేతుల మట్టి ఆయన చూశాడు. అక్క కళ్లు తుడుచుకుంటూ వచ్చి ఇద్దరి చేతులూ చూసింది. "దాని సావు సుత చెరొకటి జేస్కున్నరా?" అని లోపలికి పోయింది.

ఇదేమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఒక గొయ్యి తవ్వితే తేలిపోతుంది కదా అంటారు. నిజమే. ఆయన నాది తవ్వమంటాడు, నేను ఆయనది తవ్వమంటాను. గడ్డపార మాత్రం ఇద్దరిలో ఎవరమూ ముట్టం.