మూడో చాంబర్‌లో ఆరు డిగ్రీలు

క్లౌడ్ మీద నడిచే సిస్టమ్‌లను కనిపెట్టుకుని ఉండడం ఎలాగో గుంటూరులోని ఒక కోచింగ్ సెంటర్లో మూడు నెలలు నేర్చుకున్నాను. నేర్చుకున్నానని సర్టిఫికెట్లో ఉంది. మా సార్ పాఠమంతా స్క్రీన్‌షాట్లతోనే చెప్పేవారు. ఆ బొమ్మల్లో ఒక్క గీత కూడా ఎర్రగా ఉండేది కాదు. సర్వర్ తాను చేసిన ప్రతి పనినీ వరసగా రాసిపెట్టుకునే లాగ్‌ల దగ్గరికి వచ్చేసరికి, అది రెండు మార్కుల ప్రశ్న, నిర్వచనం చాలు అన్నారు. నిర్వచనం కంఠతా పట్టాను. పొదిలి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నదాన్ని, కంఠతా పట్టడంలో నన్ను మించినవాళ్లు లేరు.

ఇంటర్వ్యూలో ఆ నిర్వచనమే అడిగారు. ఉద్యోగం వచ్చింది.

కంపెనీ చిన్నది. మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీల్లో ప్రతి చాంబర్‌కీ మా పరికరం బిగించి ఉంటుంది. లోపల ఎన్ని డిగ్రీలుందో అది ఐదు నిమిషాలకోసారి క్లౌడ్‌కి పంపుతుంది. ఆ అంకెలన్నీ ఆఫీసు గోడ మీది పెద్ద స్క్రీన్లో, అంటే మా డాష్‌బోర్డులో, ఆకుపచ్చ గళ్లలో కనిపిస్తాయి. ఏడు డిగ్రీలు దాటి గడి ఎర్రబడితే చెప్పడం నా పని. ఎర్రబడేది కాదు. ఆఫీసు చూడడానికి ఎవరొచ్చినా మా మేనేజర్ గారు ఆ గోడ ముందు నిలబెట్టి ఫొటో తీయించేవారు. ఆ ఫొటోల్లో నేను వెనక ఉంటాను, ఎంతో శ్రద్ధగా దేన్నో చూస్తూ.

మే నెలలో ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుంటే ఫోన్ మోగింది. చిలకలూరిపేట రోడ్డులో ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీ ఆపరేటర్. యాభై దాటిన మనిషి, కంప్రెసర్ల మధ్యే ఇరవై ఏళ్లు గడిపినవారు. మూడో చాంబర్ వేడెక్కిందని, మా నుంచి అలారం ఎందుకు రాలేదని అడిగారు. తలెత్తి గోడ చూశాను. మూడో చాంబర్, ఆరు డిగ్రీలు, ఆకుపచ్చ.

"ఆరే ఉందండి బాబాయ్‌గారూ," అన్నాను. పరికరాలు అలవాటు లేనివాళ్లు ఊరికే కంగారుపడతారని మాకు ముందే చెప్పి ఉంచారు. అందుకని గొంతులో కాస్త ఓపిక కూడా కలిపాను.

"మీ గోడ మీద ఉందేమోనమ్మా. కాయ ఇక్కడుంది," అన్నారాయన.

వెళ్లి ఆయనకు మన డాష్‌బోర్డు చదవడం నేర్పి రమ్మన్నారు మేనేజర్ గారు. ఆటోలో వెళ్లాను. చాంబర్ తలుపు తీయగానే చలి తగలాల్సింది, ఘాటు తగిలింది. దగ్గుకుంటూ బయటికొచ్చాను. ఆయన నవ్వలేదు. నాకు ఫోన్ చేయకముందే, ఆగిపోయిన కంప్రెసర్‌ని వదిలేసి రెండోదాన్ని నడిపించుకున్నారట. మిర్చి రంగు దిగకుండా నిలిచింది. అందులో మా ప్రమేయం ఏమీ లేదు.

అక్కడే ఒక ఇనప స్టూలు మీద కూర్చుని, ఉద్యోగంలో చేరాక మొదటిసారి లాగ్ తెరిచాను. పొద్దున్నుంచీ నిమిషానికోసారి ఒకటే వాక్యం: పరికరం జవాబివ్వడం లేదు, మళ్లీ ప్రయత్నిస్తున్నాను. కొత్త అంకె రానప్పుడు మా స్క్రీన్ పాత అంకెనే పట్టుకుని వేలాడుతోంది. పక్కన నిలబడి ఏం రాసుందని ఆయన అడిగితే చదివి వినిపించాను.

"అయితే మీకు తెలిసే ఉందన్నమాట," అన్నారు.

ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను.

ఆరు గంటల పాటు తప్పు చూపించామని రిపోర్టులో రాశాను. మేనేజర్ గారు దాన్ని కొట్టేసి 'సమాచారం అందడంలో స్వల్ప జాప్యం' అని దిద్దారు. స్క్రీన్ మాత్రం ఆ రోజంతా ఒక్క క్షణం కూడా ఆగలేదని కింద ఇంకో వాక్యం చేర్చారు. అది నిజమే.

ఆ వారంలో ఎవరినీ అడక్కుండా ఒక మార్పు చేశాను. పావుగంట దాకా కొత్త అంకె రాకపోతే గడి బూడిద రంగుకి మారి, అంకె బదులు 'తెలియదు' అని చూపించాలి. మర్నాటికి మూడు గళ్లు బూడిద రంగులోకి మారాయి. ఆ రోజే ఎవరో పెద్దవాళ్లు ఆఫీసు చూడడానికి వస్తున్నారు.

"వాటిని గ్రీన్ చేసెయ్యండి," అన్నారు మేనేజర్ గారు.

"ముందు వెళ్లి చూసొస్తానండి," అన్నాను. పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. ఆ రంగు తీసెయ్యమని ఆయన తర్వాత కూడా రెండుసార్లు గుర్తుచేశారు. నాకింకా తీరిక దొరకలేదు.

మొదటి చోట ఎలుకలు వైరు కొరికేశాయి. రెండో చోట సిమ్ కార్డు చచ్చిపోయింది. మూడో చోట మా పరికరం ప్లగ్ పీకేసి ఉంది. అదే సాకెట్లో వాచ్‌మన్ ఫోన్ చార్జింగ్ అవుతోంది. ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగితే, పోయినేడు కాయ లోపలికి చేరినప్పటి నుంచీ అన్నాడు.

"ఎవరూ అడగలేదండి. అక్కర్లేదేమో అనుకున్నా."

అన్నాళ్లూ ఆ చాంబర్‌కి మేము ఐదున్నర డిగ్రీలు చూపిస్తూనే ఉన్నాం. అతని ఫోన్‌కి వేరే సాకెట్ చూపించి, మా పరికరాన్ని దాని చోట పెట్టాను. కాసేపటికి ల్యాప్‌టాప్‌లో మొదటి అంకె పడింది. తొమ్మిదిన్నర.

ఆపరేటర్ గారి గది ఎటువైపో అడిగి అటు నడిచాను.