కోళ్ళ గెత్తం, కింది బావి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కోళ్ళ గెత్తానికి కూడా దొంగలు పడేవారు. ఇసుక నేలలో కొబ్బరి మొక్క నిలబడాలంటే ఆ ఎరువు పడాల్సిందే. అందుకే పక్కింటి పెద్దమ్మ తన గెత్తం కుప్పను కంటికి ఎదురుగా, మా బావికి ఎగువన పోసుకునేది. భర్త పోయిన మనిషి. పూండి సంతలో గుడ్లు అమ్మి ఇద్దరు ఆడపిల్లలను సాకుతోంది.

ఆ ఏడు వానలు ముదిరాక మా బావి నీళ్ళు వాసన పట్టాయి. ఇసుక కదా, పైన పోసిందంతా కిందికి దింపేసింది. ఆ కోళ్ళను ఊళ్ళో లేకుండా చేస్తానని మా నాన్న చిందులు తొక్కాడు. మా నాయనమ్మ ఆయన్ని లోపల కూర్చోబెట్టి, పెద్దమ్మను మా అరుగు మీదికి పిలిచింది. ఇంటికొచ్చిన మనిషికి ముందు మంచినీళ్ళివ్వడం మా మర్యాద. ఆ బావి నీళ్ళే చెంబుతో నా చేతికిచ్చి అందించమంది.

పెద్దమ్మ ఒక గుక్క నోట్లో పోసుకుని ఆగిపోయింది. ఉమ్మేస్తే మర్యాద కాదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని ఎలాగో మింగింది. నాకు ఆమె మీద జాలేసింది, నాయనమ్మ మీద ఒళ్ళు మండింది కూడా.

"సెప్తే ఇననా అత్తా?" అంది పెద్దమ్మ.

"సెప్తే తగువవుద్ది. కోళ్ళు మానీమంతన్నానేటి? నీ పిల్లలేటి తింతారు? కుప్ప ఇక్కడొద్దు, అంతే. లెగు" అంటూ నాయనమ్మే ముందు గంప ఎత్తింది.

చీకటి పడేలోపు కుప్పంతా బావులు లేని పల్లపు మూలకు, తాటాకుల పాక కిందికి చేరింది. దానికి కాపలా ఎవరనుకున్నారు? చిందులు తొక్కిన మా నాన్నే.

ఇప్పుడు మా పెద్దవాడు మా తోటలో, కిందింటివాళ్ళ బావికి ఎగువన కోళ్ళ షెడ్లు వేశాడు. తుఫానుకు కొబ్బరి చెట్లు పోయాక మమ్మల్ని నిలబెట్టింది ఆ కోళ్ళే, కాదనను. కానీ గెత్తానికి సిమెంటు గచ్చు, పైన రేకులు వేసేదాకా ఒక్క కోడిపిల్లను దింపనివ్వలేదు. "ఇప్పుడు బావి నీళ్ళెవులు తాగుతన్నారే అమ్మా, కుళాయుంది కదా" అని వాడు విసుక్కున్నాడు. "కిందింటోళ్ళ ఆవుకు కుళాయుందేటిరా?" అన్నాను. ఇంతమందికి కిడ్నీల జబ్బు వచ్చాక మా ఉద్దానంలో నీళ్ళంటే భయపడని ఇల్లు లేదు. ఆ భయానికి నా వంతు కలపను గాక కలపను.

ఏటా వానలు వెలిశాక ఆ కిందింటి బావి నీళ్ళు సీసాలో పట్టించి పరీక్షకు పంపిస్తాను. బాగున్నాయని తెలిశాక, నేనే వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చుని ఆ నీళ్ళే అడుగుతాను. వాళ్ళ చిన్నపిల్ల చెంబు అందిస్తుంది. ఆ గుక్క నాకు దిగినన్నాళ్ళే మా కోళ్ళు.