కోరుట్లలో ఆరని స్టూలు

ఆ రోజుల్లో మా సిరిసిల్లలో అందరం గట్టిగా మాట్లాడేవాళ్ళం. పుట్టినప్పటి నుంచీ సాంచెల (పవర్‌లూమ్‌ను మేమట్లాగే అంటాం) చప్పుడులో పెరిగినవాళ్ళం కదా, పక్కనున్న మనిషికైనా కేకేస్తే తప్ప వినబడదు. తర్వాత గిరాకీ పడిపోయి సాంచెలు వారానికి మూడు రోజులే తిరిగాయి, ఆపైన అదీ లేదు. మధ్యాహ్నం ఎవరింట్లో పోపు వేస్తున్నారో వీధి చివరికి వినబడేంత నిశ్శబ్దం. మేము మాత్రం పాత అలవాటు కొద్దీ అరుచుకుంటూనే ఉండేవాళ్ళం. "మన సాంచెలు రెండూ పాత ఇనుముకు పోతయిరా" అని మా నాన్న నాకొక్కడికే చెప్పబోయి వీధి మొత్తానికీ చెప్పాడు.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఇక ఇల్లు గడవాల్సింది నా చేతుల మీదే. మా అక్క మొగుడు ఒక దారి చూపించాడు. వీధిలో ఆయన్ని దుబాయి బావ అనేవారు (అక్కడ ఉండి వచ్చింది ఎనిమిది నెలలే, పేరు మాత్రం పర్మినెంటు).

"ఆడ ఫర్నిచర్‌కు పాలిష్ పట్టేటోళ్లు కావాల్నట. కోరుట్లల టెస్టు పెడుతున్నరు. పో బామ్మర్దీ."

"నాకు పాలిష్ రాదు గద బావా?"

"ఇంక పన్నెండు రోజులున్నయి. నేర్సుకో."

జగిత్యాలలో ఒక ఫర్నిచర్ దుకాణంలో, అందరూ ఉస్తాద్ అని పిలిచే ముసలాయన దగ్గర చేరాను. పదకొండు రోజులు గరుకు కాగితంతో చెక్క రుద్దించాడు. పన్నెండో రోజు రంగు పట్టించి, మీద వార్నిష్ కొట్టనిచ్చాడు. ఆ వాసన నాకు ఒక్క పూటలోనే తలకెక్కింది. టేకు చెక్క మీద తేనె రంగు మెల్లగా పరుచుకుంటుంటే అందులో నాకు సముద్రం కనిపించింది. నిజానికి అప్పటికి నేను చూసింది మానేరు వాగొక్కటే, అదీ ఎండాకాలంలో.

"ఏం సూస్తున్నవ్?" అన్నాడు ఉస్తాద్.

"దుబాయి."

"బ్రష్ సూడు" అన్నాడు.

టెస్టు కోరుట్లలో, మూతబడ్డ ఒక రైస్ మిల్లు షెడ్డులో. ఆ రోజు తెల్లవారుజాము నుంచే ముసురు పట్టింది. మనిషికొక స్టూలు, ఒక డబ్బా రంగు, ఒక డబ్బా వార్నిష్, తుడుచుకోవడానికి కాస్త టర్పెంటాయిల్ ఇచ్చారు. సాయంత్రం నాలుగింటికి కంపెనీ సారు వచ్చి వేలు పెట్టి చూస్తాడు, వేలికి అంటితే ఇంటికే. మెరుపెక్కువైతే జీతమెక్కువిస్తారేమోనని నేను రంగు ఆరకముందే వార్నిష్ దిట్టంగా కొట్టాను. పన్నెండింటికి ముట్టి చూస్తే బెల్లం పాకంలా తీగ సాగింది. కళ్ళు తిరిగేదాకా నోటితో ఊదాను. పాస్‌పోర్టుతో విసిరాను. చివరికి స్టూలెత్తుకుని పక్కనున్న చాయ దుకాణానికి పోయి పొయ్యి దగ్గర పెట్టాను. వార్నిష్ అప్పడంలా పొంగింది.

దుకాణం నడిపే పెద్దామె గరిటె పట్టుకుని వచ్చింది. "ఏందిరో, నా పొయ్యి మీద స్టూలు వండుతున్నవా? చాయల వార్నిషు వాసనొస్తే తాగేటోడెవడు?"

ఏడుపు ఆపుకుంటూ సంగతంతా చెప్పాను. ఏ ఊరని అడిగింది. సిరిసిల్ల అన్నాను. ఎవలోళ్లని అడిగింది. సాలోళ్లం, నేతపనివాళ్ళమన్నాను.

"నేను గూడ సాలోళ్ల ఆడిబిడ్డనే. ఓరి కొడుకా, మీ నాయనమ్మ పడుగుకు గంజి పెట్టంగ ఎన్నడన్న సూసినవా? మందం పెడితె ఆరుతదా? పైన అట్టకడ్తది, లోపట పచ్చిగనే ఉంటది. మొత్తం తుడిచెయ్. పలుచగ పెట్టు. దానికి సెగ గాదు, గాలి గావాలె."

సిగ్గేసింది. మా నాయనమ్మ వీధి పొడవునా పడుగు చాపి, గంజి పలుచగా పట్టించి, కుంచెతో దువ్వుతూ గాలికి ఆరబెట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి. షెడ్డులోంచి నా డబ్బాలు తెచ్చుకుని, ఆమె ఇచ్చిన పాత గుడ్డను టర్పెంటాయిల్‌లో ముంచి చెక్క కనబడేదాకా తుడిచాను. రంగు పల్చగా పూసి, మిగిలింది అద్ది తీసి, అది పొడిగా అయ్యాకే ఒకే ఒక్క చేయి వార్నిష్ వేశాను. ఆమె తన టేబుల్ ఫ్యాన్‌ను నా స్టూలు వైపు తిప్పింది (ఆ పూట మిర్చి బజ్జీల మీద వాలిన ఈగలకు బాధ్యత నాదే).

గోడకానుకుని చూస్తూ కూర్చున్నాను. బయట సన్నటి వాన, లోపల ఫ్యాన్ గాలి. తడి మెరుపు నెమ్మదిగా తగ్గి, చెక్క లోపలి నుంచే వెలుగు వస్తున్నట్టు కనబడసాగింది. ఎప్పుడో కన్నంటుకుంది. తేనె రంగు సముద్రం మీద విమానం మెత్తగా దిగుతోంది, చక్రాలకు ఏమీ అంటుకోవడం లేదు.

"లే కొడుకా, సారు అచ్చిండు!"

స్టూలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తాను. సారు వేలు పెట్టాడు. వేలు చూసుకున్నాడు. వేలికి ఏమీ అంటుకోలేదు. అనుభవం ఎంత అని హిందీలో అడిగాడు. ఐదేళ్ళని చెప్పమని బావ నేర్పాడు, కంగారులో నేను పన్నెండు అనేశాను. రోజులు అనడం మరిచిపోయాను. సారు నా రాని మీసం వంక చూసి, నవ్వు ఆపుకోలేక, సంతకం పెట్టేశాడు.

సంగతి చెబుదామని దుకాణానికి వెళ్తే ఆమె చాయ పోసిచ్చింది. "నా కొడుకు గూడ దుబాయిలనే ఉన్నడు. రెండేండ్లాయె, జాడ లేదు. కనవడితె అవ్వ బాగనే ఉన్నదని చెప్పు" అంది. చెప్తానన్నాను. పేరడగాలని కూడా నాకు తోచలేదు.

దుబాయిలో మొదటి రోజే బల్లకు ఇటు చివర వార్నిష్ మొదలుపెట్టి అటు చివరకు పోయేలోగా ఇటువైపు ఆరిపోయింది. ఆ ఎండకు బ్రష్ కూడా కట్టెలా బిగిసింది. "ఇంత తొందరగా ఎందుకు ఆరనిస్తున్నావ్?" అని మేస్త్రీ తిట్టాడు. నేను నవ్వితే ఇంకా తిట్టాడు.

శుక్రవారం సెలవు. తెలుగు మాట వినబడ్డ చోటల్లా ఆగి, "అన్నా, మీ అవ్వది కోరుట్లల చాయ దుకాణమా?" అని, మా సిరిసిల్ల గొంతుతో బజారంతా వినబడేలా అడిగేవాణ్ణి. చాలామంది నవ్వేవారు. ఒకాయన మాత్రం నిలబడి, కాసేపు ఆలోచించి, "కాదు తమ్మీ. కాని అవ్వ ఏమన్నదో నాకు జెప్పు" అన్నాడు. బాగనే ఉన్నదట అని చెప్పాను.