మేడం పెంచిన స్ఫటికాలు

మొన్న శ్రీకాకుళంలో మా కాలేజీ ల్యాబులో ఒక విద్యార్థిని కల్వంలో పొడి నూరుతుంటే ఆ టకటక వరండా దాకా వినిపించింది. లోపలికి వెళ్లి ఆ అమ్మాయి మణికట్టు మీద చెయ్యి వేశాను. వేశాక మా మేడం గుర్తొచ్చారు.

మేడం నా పరిశోధనకు గైడు. శృంగవరపుకోట దగ్గర వరి పండించే ఇంటి ఆడపడుచు. ఎంత చదివినా మాటలోంచి ఊరు పోలేదు. కోపం వచ్చినా ముద్దు వచ్చినా నన్ను "ఒసే" అనే పిలిచేవారు. నేను చేరిన ఏడాదే ఆవిడకు చేతుల వణుకు మొదలైంది. మొదట సంతకం వంకరపోయింది. తర్వాత టీ సాసరులోకి ఒలికేది. "సాసరులో అయితే బేగి సల్లారతాది గదే" అని నవ్వేసేవారు. వణుకు రాకముందు నెలల తరబడి కనిపెట్టుకుని పెంచిన స్ఫటికాలు ఒక చిన్న సీసా అడుగున కాసిని ఉండేవి. అలాంటివి మళ్లీ పెంచే చెయ్యి ఆవిడకిక లేదని ఇద్దరికీ తెలుసు. వాటి లోపలి అణువుల అమరిక తేలాలంటే పొడి చేసి విశాఖలోని ఎక్స్‌రే యంత్రానికి పంపాలి. ముతకగా ఉంటే కొలత నమ్మలేం. మరీ బలంగా నూరితే ఆ అమరికే చెదిరి, గ్రాఫులో నిటారుగా లేవాల్సిన శిఖరాలు దిబ్బల్లా చతికిలబడతాయి.

నాదేమో కళింగపట్నం చెయ్యి. మా ఇంట్లో చేపల పులుసుకి మసాలా నూరితే వీధి చివరకు తెలియాలి. మేడం ఆ సీసా నా ముందు పెట్టేసరికి రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాను.

"పాడైపోతే, మేడం?"

"పాడైతే ఇద్దరం కూకుని ఏడుద్దుం. ముందు నూరు."

నున్నటి అగేటు రాతి కల్వంలో స్ఫటికాలు పోసి, వేడెక్కకుండా కాసిని ఆల్కహాలు చుక్కలు వేశాను. "కొట్టకే. పసిపిల్లకి నలుగెట్టినట్టు తిప్పు" అంటూ ఆవిడ నా మణికట్టు మీద చెయ్యి ఆనించారు. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. ఆ వణుకు తగులుతుంటే గట్టిగా ఒత్తడానికి నాకు మనసొప్పలేదు. తడి ఆరినప్పుడల్లా మళ్లీ చుక్కలు వేసుకుంటూ, వేళ్ల మధ్య ముఖానికి రాసుకునే పౌడరులా జారేదాకా తిప్పాను. దాన్ని యంత్రంలో పెట్టే చిన్న పళ్లెంలో నింపి, అదమకుండా గాజు పలకతో పైపైన సమం చేశాను. అదిమితే రేణువులన్నీ ఒకే వైపుకి పడుకుని కొలత తప్పుతుంది.

విశాఖ నుంచి గ్రాఫు వచ్చిన రోజు ఆవిడ చేతిలో కాగితం నిలవలేదు. నేనే పట్టుకున్నాను. శిఖరాలు సూదుల్లా ఉన్నాయి. "సూసావా, ఎలా నిలబడ్డాయో" అని ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టబోయి, పెట్టలేక, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను కిటికీలోంచి రోడ్డు మీది ఆటోలను చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత మేడం ఉద్యోగం మానేసి ఊరు వెళ్లిపోయారు. కిందటి నెల చూడ్డానికి వెళ్తే నన్ను పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. పోల్చుకున్నాక, "ఒసే, సిక్కిపోనావేటి" అన్నారు. చదువుకునే రోజుల్లో పొద్దు గడవడం లేదని విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆవిడ మంచం పక్కన కూర్చుంటే, ఆ పొద్దే కాస్త మెల్లగా నడిస్తే బాగుండుననిపిస్తుంది.